ఒకే వోల్టేజితో వదిలిన ఎలక్ట్రాన్, ప్రోటాన్: ఏది ఎక్కువ వంగుతుంది?

ముందు ఏం అడిగావో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. కందుకూరు అమ్మాయి, నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. రెండు సమాంతర ప్లేట్లు, వాటి మధ్య విద్యుత్ క్షేత్రం, దానికి అడ్డంగా దూసుకొచ్చే కణం, అందరికీ తెలిసిన బొమ్మే. ఎలక్ట్రాన్‌నీ ప్రోటాన్‌నీ ఒకే వోల్టేజితో పరిగెత్తించి ఆ ప్లేట్ల మధ్యకి వదిలితే ఏది ఎక్కువ వంగుతుంది అన్నది ప్రశ్న. కోచింగ్ వాళ్ళిచ్చిన మెటీరియల్‌లో ఎలక్ట్రాన్ అని ఉంది, తేలిక కాబట్టి. రూమ్మేటేమో రెండూ సమానమే అంటోంది. దాంతో పాటు ఇంకో రెండు డౌట్లు: బలం పైకి లాగుతుంటే కణం పైకే పోకుండా ముందుకెందుకు పోతుంది, ప్లేట్లు దాటాక వంపు ఎందుకు ఆగిపోతుంది. చివర్లో, ప్లేట్ల మధ్య వేగం పెరుగుతుంది కదా ఆ శక్తి ఎక్కడిది అని ఒక ముక్క తగిలించావు. అన్నిటికన్నా మంచి ప్రశ్న అదే తల్లీ, దాని దగ్గరికి నిదానంగా వద్దాం.

మీ రూమ్మేట్ చెప్పిందే రైటు. రెండూ సమానంగానే వంగుతాయి, కాకపోతే ఒకటి పైకి, ఇంకొకటి కిందికి. మెటీరియల్ రాసినాయన వేరే ప్రశ్న జవాబుని తెచ్చి దీనికి అంటించాడు. నేను ఒంగోల్లో కొన్నేళ్ళు, తర్వాత కావలిలో, మొత్తం 30 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ తప్పు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక మెటీరియల్లో పడితే పది మెటీరియళ్ళకి పాకుతుంది, ఎవరూ లెక్క చేసి చూడరు.

ముందు బలం సంగతి. పైకి లాగితే పైకే పోవాలి కదా అని నువ్వు అనుకోవడంలో తప్పేం లేదు, చేత్తో నెట్టిన బల్ల నెట్టిన వైపే కదులుతుంది, మనకి రోజూ కనపడేది అదే. కానీ బలం కణం ఎటు పోవాలో చెప్పదు, ఉన్న వేగానికి ఎటువైపు ఎంత కలపాలో మాత్రం చెబుతుంది. ముందుకు ఉన్న వేగాన్ని తగ్గించే బలం ఆ దిక్కులో లేనప్పుడు అది అట్టాగే ఉంటుంది. పైకి వేగం సున్నా దగ్గర మొదలై క్షణక్షణానికీ పెరుగుతుంది. ముందుకు సమానంగా, పైకి పెరుగుతూ, ఈ రెండూ కలిస్తే వచ్చేది పరావలయం. రాయి విసిరితే వచ్చే గీతే, ఇక్కడ భూమి బదులు ప్లేటు లాగుతోంది, అంతే తేడా.

క్లాసులో నేను చేయించే పని ఒకటుంది, నువ్వు హాస్టల్ రూములోనే చేసుకోవచ్చు. పరీక్ష ప్యాడ్ తీసుకుని పొడుగు అంచు కింద ఒక నోటు పుస్తకం పెట్టు, కాస్త వాలుగా ఉండాలి. దాని మీద తెల్లకాయితం. సైకిల్ షాపులో అడిగితే పాత బేరింగ్ గుండు ఇస్తారు, దాన్ని సిరాలో ముంచి పై అంచు వెంబడి అడ్డంగా దొర్లించు. గీత వంగుతూ కిందికి దిగుతుంది. ఇంకోసారి గట్టిగా దొర్లించు, గీత తక్కువ వంగుతుంది. గుండు ప్యాడ్ దాటి గచ్చు మీదికి దిగాక చూడు, తిన్నగా పోతుంది, వంపు లేదు. నీ రెండో డౌటుకి జవాబు అదే: వాలు ఉన్నంతసేపే లాగుడు. లాగుడు పోయాక ఆఖరి క్షణంలో ఏ దిక్కుకి తిరిగి ఉందో ఆ దిక్కులోనే తిన్నగా పోతుంది. ఇందులో ఒక జాగ్రత్త, ఈ గుండు నీకు గీత ఆకారం చూపిస్తుంది గానీ బరువు సంగతి చూపించదు, ఎందుకంటే భూమి లాగుడు బరువుకి తగ్గట్టే పెరుగుతుంది, పెద్ద గుండైనా చిన్న గుండైనా అదే గీత. ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ మాత్రం లాగుడు సమానం, బరువులు వేరు.

ఇప్పుడు అంకెలు. ఊరికే సూత్రం చెబితే నమ్మకం కుదరదు, నాకైనా కుదరదు. వోల్టేజిలు రెండున్నాయి, వాటికి నేను క్లాసులో పెట్టుకున్న పేర్లు వాడతా. కణాన్ని పరిగెత్తించేది తోసిన వోల్టేజి, ప్లేట్ల మధ్య పెట్టింది లాగే వోల్టేజి. తోసిన వోల్టేజి 2000 అనుకో. లాగే వోల్టేజి 50. ప్లేట్ల పొడవు 2 సెం.మీ., ఎడం అర సెం.మీ.

ఎలక్ట్రాన్ ఆవేశాన్ని దాని ద్రవ్యరాశితో భాగిస్తే కిలోకి సుమారు 17,600 కోట్ల కూలుంబులు వస్తుంది. 2000 వోల్టులతో తోస్తే దాని వేగం సెకనుకి దాదాపు 26,500 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో 9 శాతం దాకా. 2 సెం.మీ. ప్లేటు దాటడానికి పట్టే టైము నానోసెకనులో ముప్పావు వంతు. ఆ కాస్త టైములో ఏం లాగుతుందిలే అనుకుంటావు. కానీ ప్లేట్ల మధ్య క్షేత్రం మీటరుకి 10,000 వోల్టులు, దానివల్ల వచ్చే త్వరణం భూమి ఆకర్షణ త్వరణానికి దాదాపు 1.8 కోట్ల కోట్ల రెట్లు, అంటే 18 పక్కన 13 సున్నాలు అనుకో. లెక్క చేస్తే ప్లేటు చివరికి వచ్చేసరికి ఎలక్ట్రాన్ పక్కకి జరిగిన దూరం సరిగ్గా అర మి.మీ. అదే ముప్పావు నానోసెకనులో భూమి దాన్ని ఎంత కిందికి లాగి ఉంటుందో కూడా చూశాను, ప్రోటాన్ వెడల్పులో ఐదారు వందల వంతు. అందుకే ఈ లెక్కల్లో గురుత్వాకర్షణ వదిలేయమంటారు, బద్ధకించి కాదు.

ఇప్పుడు ప్రోటాన్. ద్రవ్యరాశి 1836 రెట్లు. అదే 2000 వోల్టులతో తోస్తే వేగం సెకనుకి 620 కిలోమీటర్లే, ఎలక్ట్రాన్ వేగంలో 43వ వంతు. త్వరణం 1836 రెట్లు తక్కువ, మీ మెటీరియల్ వాళ్ళు ఇక్కడి దాకా వచ్చి ఆగిపోయారు. ప్లేట్ల మధ్య అది ఎంతసేపు ఉందో చూడలేదు. వేగం 43వ వంతు కాబట్టి 43 రెట్లు ఎక్కువసేపు ఉంటుంది. జరిగే దూరం టైము వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 43ని 43తో హెచ్చిస్తే 1800 పైచిలుకు, 43 బదులు 42.85 పెట్టి చూడు, 1836 దిగుతుంది. త్వరణం ఎన్ని రెట్లు తగ్గిందో టైము వర్గం అన్ని రెట్లు పెరిగింది. చివరికి వచ్చేది అదే అర మి.మీ. మొద్దుబ్బాయి నిదానంగా నడుస్తాడు కాబట్టి లాగేవాడికి ఎక్కువసేపు దొరుకుతాడు.

ఇది కాకతాళీయం కాదు. కణాన్ని పక్కకి జరిపేది బలం, అది ఆవేశాన్ని బట్టి ఉంటుంది. అడ్డుపడేది, గతిజశక్తి. ఆ గతిజశక్తి ఎక్కడి నుంచి వచ్చింది? అదే ఆవేశాన్ని తోసిన వోల్టేజితో హెచ్చిస్తే వచ్చింది. అంటే భిన్నంలో పైన ఒక ఆవేశం, కింద ఒక ఆవేశం, కొట్టేసుకుంటాయి. ద్రవ్యరాశి గతిజశక్తిలోనే కలిసిపోయింది. మిగిలేది ఇంతే: లాగే వోల్టేజిని ప్లేటు పొడవు వర్గంతో హెచ్చించి, నాలుగు రెట్ల ఎడంతోనూ తోసిన వోల్టేజితోనూ భాగించడం. సెం.మీ.ల్లో పెట్టి చూడు, 50 ఇంటూ 4, కింద 4 ఇంటూ అర ఇంటూ 2000. వచ్చేది 0.05 సెం.మీ., మన అర మి.మీ. ఇందులో ఎలక్ట్రాన్ అని గానీ ప్రోటాన్ అని గానీ ఎక్కడా పేరు లేదు. ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం, ప్రోటాన్‌కి సుమారు నాలుగింతల ద్రవ్యరాశి) వదిలినా, సోడియం అయాన్ వదిలినా ఇదే దూరం.

మరి మెటీరియల్ జవాబు ఏ ప్రశ్నకి సరిపోతుంది అంటే, రెండింటినీ ఒకే వేగంతో వదిలినప్పుడు. అప్పుడు ప్లేట్ల మధ్య ఉండే టైము ఒకటే కాబట్టి ఎలక్ట్రాన్ 1836 రెట్లు ఎక్కువ వంగుతుంది. ఒకే గతిజశక్తితో వదిలితే ఎలక్ట్రానూ ప్రోటానూ సమానం, ఆల్ఫా మాత్రం రెట్టింపు, దాని ఆవేశం రెండింతలు కదా. ఒకే ద్రవ్యవేగంతో వదిలితే తలకిందులు: ప్రోటాన్ 1836 రెట్లు ఎక్కువ వంగుతుంది, ఎందుకంటే అదే ద్రవ్యవేగానికి బరువైనది మరీ నిదానంగా నడుస్తుంది. ఇది వినగానే పిల్లలు ఒప్పుకోరు, నేను బోర్డు మీద రెండుసార్లు చేసి చూపించాలి. కాబట్టి ప్రశ్న చదివేటప్పుడు "ఒకే" అనే మాట పక్కన ఏముందో దాని కింద గీత గీసుకో. నాలుగు రకాల ప్రశ్నలు, నాలుగు జవాబులు, బొమ్మ మాత్రం ఒకటే.

ప్లేట్లు దాటాక సంగతి ఇంకొంచెం చెప్పాలి. ప్లేటు చివర అర మి.మీ. అన్నాం, అంత చిన్న దూరాన్ని కంటితో ఏం చూస్తాం? బయటికి వచ్చేటప్పుడు దాని దిక్కు ఎంత తిరిగిందంటే, 20 సెం.మీ. ముందుకు పోతే 1 సెం.మీ. పైకి పోయేంత. విచిత్రం ఏమంటే, ఆ తిన్నని గీతని వెనక్కి పొడిగిస్తే ప్లేట్ల నడిమధ్యకి వచ్చి కలుస్తుంది, అంటే మధ్యలో ఒక్క చోట టక్కున తిరిగినట్టే లెక్క వేసుకోవచ్చు. స్క్రీను ప్లేట్ల మధ్య నుంచి 20 సెం.మీ. దూరంలో ఉంటే చుక్క సరిగ్గా 1 సెం.మీ. పైకి పోతుంది. పాత సి.ఆర్.ఓ. పెట్టెలు (ఎలక్ట్రాన్ల ధారని ప్లేట్లతో వంచి, వోల్టేజిని స్క్రీను మీద చుక్కగానో గీతగానో చూపించే ల్యాబ్ పరికరాలు) అంత లోతుగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా, చిన్న వంపుని పెద్ద దూరంగా మార్చుకోవడానికి చోటు కావాలి. ఇళ్ళల్లో ఉండే పాత డొప్ప టీవీల్లో అంత చోటు లేదు, అందుకే వాటిలో ప్లేట్లు తీసేసి ట్యూబు మెడకి తీగచుట్టలు కట్టి అయస్కాంత క్షేత్రంతో వంచేవారు.

ఇక శక్తి సంగతి. ప్లేట్ల మధ్య ఎలక్ట్రాన్ అర మి.మీ. ప్లస్ ప్లేటు వైపు జరిగింది. క్షేత్రం మి.మీ.కి 10 వోల్టులు. కాబట్టి 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి (ఎలక్ట్రాన్ ఒక వోల్టు దాటితే వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు) వచ్చి చేరింది, 2000 కాస్తా 2005 అయింది. క్షేత్రమే ఆ పని చేసింది. అయస్కాంత క్షేత్రానికి ఈ గుణం లేదు, అది ఎప్పుడూ వేగానికి అడ్డంగానే నెడుతుంది కాబట్టి దిక్కు మారుస్తుంది గానీ వేగం పైసా పెంచదు. ఇక్కడిదాకా మీ పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది చెబుతా విను. పై ప్లేటు ప్లస్ 25, కింది ప్లేటు మైనస్ 25 అనుకో, నడిమధ్య సున్నా. ఎలక్ట్రాన్ సున్నా దగ్గర లోపలికి వచ్చింది. బయటపడే చోట ప్లస్ 5 వోల్టుల పొటెన్షియల్ దగ్గర ఉంది. బయట దూరంగా మళ్ళీ సున్నా. ప్లస్ 5 నుంచి సున్నాకి పోవాలంటే ఎలక్ట్రాన్‌కి అది ఎగువ, ఆ 5 ఎలక్ట్రాన్ వోల్టులూ తిరిగి కట్టేయాల్సిందే. ఎవరు లాగుతారు అంటావా, ప్లేట్ల అంచుల దగ్గర క్షేత్రరేఖలు తిన్నగా ఉండవు, బయటికి ఉబ్బి ఉంటాయి, ఆ ఉబ్బిన రేఖలే దాన్ని వెనక్కి పట్టి లాగుతాయి. పుస్తకం బొమ్మల్లో క్షేత్రం ప్లేటు అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, నిజంగా అట్టా ఆగడం కుదరదు. కాబట్టి పూర్తిగా బయటపడ్డ ఎలక్ట్రాన్ శక్తి మళ్ళీ 2000లే. మొత్తం మీద జరిగిందల్లా దిక్కు మారడం. ఈ మాట ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) రాయకు, ప్లేటు చివర శక్తి ఎంత అంటే 2005 అనే పెట్టు, ఆ చోటికి అది కరెక్టే.

ఈ వంపు కనపడటానికి మనిషికి చాలా కాలమే పట్టింది. 1883లో హైన్రిచ్ హెర్ట్జ్ కాథోడ్ కిరణాలని ప్లేట్ల మధ్యగా పంపి చూశాడు, వంగలేదు. వంగలేదు కాబట్టి ఇవి ఆవేశం ఉన్న కణాలు కావు అనుకున్నారు. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ అదే పని మళ్ళీ చేశాడు, ట్యూబులో గాలి ఇంకా బాగా తీసేసి. వంగాయి. తేడా ఎక్కడంటే, హెర్ట్జ్ ట్యూబులో మిగిలిన వాయువు ఆ కిరణాల దెబ్బకి అయాన్లుగా విడిపోయి, ప్లస్సువి మైనస్ ప్లేటు దగ్గరికీ మైనస్సువి ప్లస్ ప్లేటు దగ్గరికీ చేరి క్షేత్రానికి తెర కట్టేశాయి. ప్లేట్లకి వోల్టేజి ఉంది, మధ్యలో క్షేత్రం మాత్రం లేదు. హెర్ట్జ్ అంతటివాడు పొరబడ్డాడు, మనకి ల్యాబ్‌లో రీడింగ్ రాలేదని ఏడవక్కర్లేదు. థామ్సన్ అక్కడితో ఆగలేదు. విద్యుత్ వంపు ఒక్కదాంతో కణం బరువు తెలియదు, పైన చూశాం కదా, తోసిన వోల్టేజి తప్ప ఏమీ బయటపడదు. అందుకే అయస్కాంత క్షేత్రం కూడా తగిలించాడు, రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకునేట్టు పెట్టి వేగం కనుక్కున్నాడు, ఆ వేగంతో ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి రాబట్టాడు. ఎలక్ట్రాన్ అట్టా దొరికింది.

ఇదేదో పాత కథ అనుకోకు. 2023 సెప్టెంబరు 2న పగలు 11 గంటల 50 నిమిషాలకి ఆదిత్య ఎల్1 శ్రీహరికోట నుంచి లేచింది. శ్రీహరికోట 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ రాకెట్ వదిలారంటే మనవాళ్ళు ఇప్పటికీ మేడెక్కి చూస్తారు. అందులో ఆస్పెక్స్ అని సూర్యుడి గాలిని కొలిచే పరికరం ఉంది. సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్లు సెకనుకి వందల కిలోమీటర్ల వేగంతో వస్తాయి, మనం ఇందాక 2000 వోల్టులతో తోసిన ప్రోటాన్ వేగం 620 కదా, ఇంచుమించు అదే కోవ. వాటిని పట్టుకోవడానికి ఆ పరికరంలో వంపు తిరిగిన ప్లేట్ల జత ఉంది. ప్లేట్ల వంపుకి సరిపడా వంగే కణమే మధ్యలోంచి బయటపడుతుంది, మిగతావి గోడలకి కొట్టుకుంటాయి. వోల్టేజి మారుస్తూ పోతే ఒక్కో శక్తి ఉన్న కణాలు ఒక్కోసారి బయటికొస్తాయి. సూర్యుడి గాలిలో ప్రోటాన్లూ ఆల్ఫా కణాలూ దాదాపు ఒకే వేగంతో నడుస్తాయి. అప్పుడు ఆల్ఫా శక్తి నాలుగు రెట్లు, ఆవేశం రెండు రెట్లు, కాబట్టి దాన్ని వంచడానికి రెట్టింపు వోల్టేజి కావాలి, అట్టా రెండూ విడిపోతాయి. అయినా ఒకే వోల్టేజి దగ్గర వేగంగా వచ్చిన ప్రోటాన్ ఏదో నిదానంగా వచ్చిన ఆల్ఫా ఏదో ప్లేట్లు ఒక్కటే తేల్చలేవు, అందుకని ఆ పరికరంలోనూ అయస్కాంతం పెట్టారు. థామ్సన్ చేసిందే.

ఇంకా దగ్గర్లో చూడాలంటే రొయ్యల ప్యాకెట్ మీద డేటు చూడు. మా బంధువుల అబ్బాయి రొయ్యలు ప్రాసెస్ చేసే ప్లాంటులో పని చేస్తాడు, ఒకసారి తీసుకెళ్ళి చూపించాడు. బెల్టు మీద అట్టపెట్టెలు ఆగకుండా పోతుంటాయి, పక్కన చిన్న మిషన్ ముక్కులోంచి సిరా సన్నని ధారగా వచ్చి బొట్లు బొట్లుగా తెగుతుంటుంది. తెగే చోట ఒక్కో బొట్టుకి ఒక్కో ఆవేశం పెడతారు. తర్వాత కొన్ని వేల వోల్టులున్న రెండు ప్లేట్ల మధ్యగా పోతుంది. ఆవేశం ఎక్కువున్న బొట్టు ఎక్కువ వంగి అక్షరం పైభాగానికి, తక్కువున్నది కింది భాగానికి పోయి తగులుతుంది. ఆవేశం లేని బొట్టు తిన్నగా పోయి ఒక చిన్న గొట్టంలో పడి మళ్ళీ సిరా డబ్బాలోకి వెళ్ళిపోతుంది. ఇక్కడ మాత్రం ఆవేశం లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే బొట్లని పరిగెత్తించింది వోల్టేజి కాదు, పంపు. అన్నీ ఒకే వేగం, ఒకే బరువు, ఆవేశం ఒక్కటే తేడా. తోసింది ఎవరు అన్నది చూడకుండా సూత్రం పెట్టేస్తే ఇక్కడ పప్పులో కాలేస్తావు. ఇంట్లో కంప్యూటర్ పక్కన ఉండే ప్రింటర్ ఇట్టా పని చేయదు, రెండూ ఒకటే అనుకోవద్దు.

కృష్ణపట్నం పక్కన నేలటూరు థర్మల్ స్టేషన్‌లో బొగ్గు బూడిదని చిమ్నీలోకి పోకుండా పట్టేదీ విద్యుత్ బలమే. బూడిద రేణువులకి మైనస్ ఆవేశం ఎక్కించి పక్కనున్న పెద్ద ప్లేట్ల వైపు లాగుతారు, అంటుకున్న బూడిదని సుత్తులతో తట్టి కిందికి రాలుస్తారు. అయితే అక్కడ పరావలయం వెతకొద్దు. గాలి అడ్డుపడుతుంది కాబట్టి రేణువు వేగం పెరుగుతూ పోదు, కాసేపటికే లాగుడూ గాలి అడ్డూ సరిసమానమై ఒకే వేగంతో ప్లేటు వైపు జరుగుతుంది. మనం పైన వేసిన లెక్కంతా శూన్యంలోనే.

ఇంట్లో చేసి చూడొచ్చా అని కూడా అడిగావు. దువ్వెన తలకి రుద్ది కుళాయి నీళ్ళ సన్నధార దగ్గర పెడితే వంగుతుంది, యూట్యూబ్‌లో దీన్నే ఆవేశం వంగడం అని చూపిస్తున్నారు. అది వేరే సంగతి. ఆ నీళ్ళకి మొత్తం మీద ఆవేశం లేదు, దువ్వెన దగ్గరికి వచ్చాక దగ్గరి వైపు ఒక ఆవేశం, దూరం వైపు ఇంకొకటి తయారై లాగబడుతుంది. అందుకే ఏ ఆవేశమున్న వస్తువు పెట్టినా ధార దాని వైపే వంగుతుంది, ఎన్నడూ దూరంగా పోదు. నిజంగా ఆవేశమున్న కణమైతే ప్లస్ వైపో మైనస్ వైపో తేల్చుకోవాలి. చేయాలనుకుంటే రోహిణి కార్తె ఎండల్లో, పడమటి గాలి కొట్టేటప్పుడు చెయ్యి. అక్టోబరు, నవంబరు వానల్లో మన సముద్రపు తేమకి దువ్వెన ఎంత రుద్దినా ఆవేశం నిలవదు, చేసి చేసి చేతులు నొప్పులు తప్ప ఏమీ రాదు.

దానికంటే మీ కాలేజీ ల్యాబ్‌లో మూల పడేసిన సి.ఆర్.ఓ. ఉందేమో లెక్చరర్ని అడుగు. గీత గీసే నాబ్‌ని ఆపేస్తే మధ్యలో పచ్చటి చుక్క ఒక్కటే నిలుస్తుంది. ఇన్‌పుట్‌ని డీసీ మీద పెట్టి, గడికి 1 వోల్టు అని తిప్పి, టార్చిలైటు సెల్లు ఒకటి తగిలించు. చుక్క ఒకటిన్నర గడి ఎగిరి అక్కడే నిలబడుతుంది. సెల్లు తిరగేస్తే కిందికి. రెండు సెల్లులు వరసగా పెడితే మూడు గడులు. సెల్లు వోల్టేజిని లోపలున్న సర్క్యూట్ పెద్దది చేసి ప్లేట్లకి ఇస్తుంది, అందుకే 1.5 వోల్టులకి కూడా అంత కదులుతుంది. నేను మొట్టమొదట చూసినప్పుడు సెల్లు పెడుతూ తీస్తూ ఎంతసేపు కూర్చున్నానో అటెండర్ వచ్చి తాళం వేయాలి సార్ అనేదాకా తెలియలేదు. చుక్క వెలుగు మాత్రం బాగా తగ్గించి పెట్టు. మా ల్యాబ్‌లో ఉన్నదాని స్క్రీను నడిమధ్యలో ఒక గోధుమరంగు మచ్చ ఉండేది, చుక్క అక్కడే నిలబెట్టి టీకి పోయింది నేనే.